పొగలు కక్కే టీ

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే కథ కాదిది. మరమనిషి పేరెత్తగానే దుప్పటి ముసుగేసుకునేవాళ్ళయితే ఇంకాస్త దగ్గరికి రండి.

గూఢచారి శాఖలో ఒక ఏజెంటు ఉండేవాడు, అతన్ని అందరూ పిల్లి అనేవారు. నడిస్తే అడుగు చప్పుడు ఉండదు మరి. భార్య కూడా ఏజెంటే. మారువేషం వేసిందంటే కట్టుకున్నవాడే పోల్చుకోలేడు, వెయ్యకపోతే వీధి వీధంతా తిరిగి చూస్తుంది. ఆమెను దొరసాని అనేవారు.

ఆ పొద్దున చీఫ్ పిల్లిని ఒక్కణ్ణే పిలిపించాడు. శాఖలో చిన్నవాళ్ళందరికీ ఆయన మావయ్య.

"విదేశీ ముఠా మన మధ్య ఒక రోబోను పెట్టిందిరా. అచ్చం మనిషే. ఒంట్లో బాంబు. రేడియోలో 'వాన వెలిసింది' అన్న కోడ్ వినిపిస్తే చాలు, పేలుతుంది. టార్గెట్, మధ్యాహ్నం శాంతి సమావేశం."

"పోల్చుకోవడం ఎలా మావయ్యా?"

"దానికి వేడి తెలీదు. టీ ఊదుకోకుండా తాగేస్తుంది. సర్వర్ వేషంలో వెళ్ళి, పొగలు కక్కే టీ ఇవ్వు. మెడ వెనక చర్మం కింద స్విచ్ ఉంటుంది. నొక్కితే ఇక లేవదు."

పిల్లి నవ్వాడు. "అయితే మా ఆవిడ బతికిపోయింది. నా టీ ఊది ఊది గానీ చేతికివ్వదు."

హాలు నిండా పెద్దమనుషులు. పిల్లి కాలర్ గుండీలో కెమెరా, చేతిలో ట్రే. మంత్రి ఊదుకున్నాడు. సైన్యాధికారి సాసర్‌లో పోసుకున్నాడు. చివర్న దుబాసీ వేషంలో డ్యూటీకి వచ్చిన దొరసాని, భర్తను కంటిరెప్పతో పలకరించి, కప్పెత్తి గడగడా తాగేసింది.

పిల్లి ట్రే పక్కన పెట్టేశాడు. ఇంట్లో ఆమె ఊదేది అతని కప్పే. తన కప్పు ఏనాడైనా ఊదుకుందా? అతను చూడనే లేదు.

వంటగదిలోకి తీసుకెళ్ళి సంగతంతా చెప్పాడు. ఆమె బుకాయించలేదు.

"నన్ను పంపింది వాళ్ళేనండీ. ఇన్నేళ్ళూ వాళ్ళకి తప్పుడు కబుర్లే పంపాను. బాంబు సంగతి నాకూ చెప్పలేదు."

"రోబో కథలు చదివి వినిపిస్తే నా చొక్కా పట్టుకుని వణికేదానివి. అదీ నటనేనా?"

"ఆ కథల్లో చివరికి రోబో ఇంట్లోవాళ్ళనే చంపేస్తుంది. అది నేనేనేమోనని భయం. మీకు అవి కాలక్షేపం, నాకు కాదు." మెడ వంచింది. "నా చెయ్యి అక్కడికి పోకుండా చేశారు. మీరే నొక్కాలి."

"ఉండవే. బాంబు తీసేవాళ్ళని పిలుస్తాను."

గోడమీది రేడియో గరగరలాడింది. "వాన..."

"ఏవండీ," అందామె, మెల్లగా.

పిల్లి నొక్కాడు. తర్వాతి మాట వచ్చేసరికి ఆమె తల అతని భుజం మీద వాలిపోయి ఉంది, నిద్రపోయినట్టు.

కోడ్ వచ్చిన జాడ పట్టుకుని వెళ్తే ముఠా అంతా దొరికింది. సాయంత్రం మావయ్య తనే టీ కప్పు అందించాడు.

"మిషన్ సక్సెస్ రా. తాగు."

"చల్లారనివ్వండి మావయ్యా. ఊదేవాళ్ళు లేరుగా."

ఇది మనసులో పెట్టుకోండి. రేపు మీ పిల్లలకి మనుషుల్ని చంపే రోబోల కథలు చెబుతారు, చెప్పండి, కాదనను. వెంటనే ఈమె కథ కూడా చెప్పండి. వాళ్ళు భయపడితే, ఆమె కూడా అలాగే భయపడేదని చెప్పండి.