గాజు పలక మీద అన్నయ్య

మా ల్యాబులో ఎక్కువ చప్పుడు చేసేవి ఫ్రీజర్లే. మనుషులం పెద్దగా మాట్లాడుకోం. తాగుడుతోనో, నొప్పి మందులకి అలవాటుపడో పోయినవాళ్ళ మెదళ్ళని, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే, తెచ్చి గడ్డకట్టించి దాస్తాం. ఆ గడ్డని ఉల్లిపొర కంటే పల్చగా కోసి గాజు పలకలకి అతికించడం నా పని. పలక కింద వేలు ఆనిస్తే చాలు. ఆ వెచ్చదనానికి పొర కరిగి అతుక్కుపోతుంది.

మా నాన్న మందు తాగి పోయాడు. అన్నయ్య మందుబిళ్ళలు మింగి పోయాడు. నాన్నని చూసి, జన్మలో చుక్క ముట్టనని ఒట్టేసుకున్నవాడు అన్నయ్య. క్రేన్ నడిపేవాడు. నడుముకి ఆపరేషన్ అయితే నొప్పికి బిళ్ళలిచ్చారు. నడుము బాగుపడింది. బిళ్ళలు మాత్రం వదల్లేదు.

ఈ వ్యసనంలో సగం దాకా రక్తంలోనే వస్తుందని మా ల్యాబు పెద్ద, మేడమ్ చెప్పింది. ఏదో ఒక్క జన్యువు కాదట, బోలెడున్నాయట, ఒక్కోటీ కొంచెం కొంచెం తోస్తుందట. మెదడులో ఆ బిళ్ళల్లోని మందు అతుక్కునే చోట్లుంటాయి. వాడేకొద్దీ అవి మొద్దుబారతాయి. ఆ తర్వాత మందు హాయి కోసం కాదు, మామూలుగా ఉండడానికే కావాలి.

అన్నయ్య మెదడు ఇవ్వడానికి అమ్మే ఒప్పుకుంది. "బతికుండగా వాడి తలలో ఏముందో నాకు తెలీలేదు. మీకైనా తెలుస్తుందేమో చూడండి," అందట మేడమ్‌తో.

నాకు ఏడుపు రాలేదు. దహనం అయిన మర్నాటి నుంచి కళ్ళు మాత్రం కారడం మొదలైంది. చూసినవాళ్ళు పాపం అన్నారు. నేను జలుబనుకున్నాను. తర్వాత ఆవలింతలు, ఒకదాని వెనక ఒకటి. చర్మమంతా గగుర్పొడిచి అలాగే ఉండిపోయేది. పడుకుంటే కాళ్ళు వాటంతటవే తన్నుకునేవి. బిళ్ళలు దొరకని రోజుల్లో అన్నయ్య సరిగ్గా ఇలాగే ఉండేవాడు. నేను తలనొప్పి మాత్ర కూడా వేసుకోను. ఇంట్లో అమ్మ కూడా ఆవలిస్తూ, కాళ్ళు పట్టుకుని కూర్చునేది. ఒకరినొకరం ఏమీ అడగలేదు.

అన్నయ్య ముక్క కోసే రోజు మేడమ్ నన్ను సెలవు తీసుకోమంది. అవసరం లేదన్నాను. నిజంగానే నాకేమీ అనిపించలేదు.

బయట ముసురు. మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. గడ్డని కోసే చలి యంత్రంలోంచి ఇనుము వాసన. బ్లేడు కదిలింది. పొర వచ్చింది. పలక మీదకి తీసి, కింద వేలు ఆనించాను.

పొర కరిగింది.

నా నోరంతా నీళ్ళు ఊరాయి. కాలు ఎగిరి బల్లకి తగిలింది.

మేడమ్ పక్క గదిలో ఉంది. తర్వాతి పని నాకు తెలిసిందే. పొర మీద ఆ నొప్పి మందే ఒక చుక్క వేయాలి, ఎంత అతుక్కుంటుందో చూడాలి. వేశాను.

ముందు అరికాళ్ళు వెచ్చబడ్డాయి... తర్వాత వీపు... మెడ. కళ్ళు కారడం ఆగిపోయింది. ఫ్రీజర్ల చప్పుడు ఎక్కడికో వెళ్ళిపోయింది. నాన్న లేడని, అన్నయ్య లేడని తెలుసు. అది ఎవరో పక్కింటివాళ్ళ సంగతిలా ఉంది.

అతుక్కోగా మిగిలిన మందుని చల్లటి నీళ్ళతో కడగాలి. కడిగాను. వెంటనే చలి... ఎముకల్లోంచి.

మళ్ళీ చుక్క వేశాను. కడగలేదు.

ఫోన్ మోగింది. అమ్మ.

"ఇప్పుడు నువ్వేం చేశావే?" గుసగుసగా అడిగింది.

"పని చేసుకుంటున్నానమ్మా."

"ఇందాకటి దాకా కాళ్ళు పీక్కుపోయాయి. ఉన్నట్టుండి... వెచ్చగా..." మాట ముద్దగా ఉంది. "మధ్యలో ఎందుకు ఆపావు?"

నేను సీసా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"ఆపకు తల్లీ."

ఆపలేదు. ఇంకో పొర, ఇంకో పలక, ఇంకో చుక్క. మేడమ్ వచ్చేసరికి మందు సీసా ఖాళీ, పలకలన్నీ తడి. ఆవిడ పలకల వైపు చూసి, నా వైపు చూసి, నా చేతిలోంచి సీసా మెల్లగా తీసుకుంది. కోప్పడలేదు. ఇంటికి వెళ్ళమంది. రేపటి నుంచి రావద్దని కూడా అంది. నేను సరేనన్నాను. ఉద్యోగం పోయిందని దారిలో గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది.

ఇంట్లో కరెంటు లేదు. అమ్మ గోడకి జారగిలబడి నిద్రపోతోంది, పెదవుల మీద చిన్న నవ్వుతో. నాకు భయం వేయాలి. వేయలేదు.

మేం పిచ్చుక అని పిలుచుకునే నా ఐదేళ్ళ కూతురు చీకట్లో కుర్చీలో కూర్చుని ఉంది. ముందున్న పళ్ళెంలో అన్నం అలాగే ఉంది. దగ్గరికెళ్ళి, ఫోన్ లైటు నేలవైపు పెట్టి, గడ్డం ఎత్తి చూశాను. చీకట్లో పెద్దవి కావలసిన కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. ముక్కు తీరిగ్గా గోక్కుంటోంది, బిళ్ళ పడ్డాక అన్నయ్య గోక్కున్నట్టే.

"అమ్మా," అంది, నిద్రలో మాట్లాడినట్టు. "మామయ్య అడగమన్నాడు."

"ఏమని?"

నేను ల్యాబులో ఏం చేస్తానో దానికి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరమూ చెప్పలేదు.

"ఇంకా ఎన్ని పొరలున్నాయని."