నాలుగో చేప

పొయ్యి మీద ఇడ్లీలు పెట్టి రిబ్కా ముందుగదిలోకి వచ్చింది. గాజుతొట్టెలో నారింజరంగు చేప తెల్లపట్టీలు మెరిపిస్తూ మేత కోసం పైకి లేచింది. చిటికెడు వేసి చూస్తుండగా ఫోన్ మోగింది.

ఖమ్మంలో చేపల దుకాణం నడిపే రామ్‌సింగ్. సార్ డ్యూటీ ఎక్కారా అని అడిగి, "ఇంకోటి తెప్పించిపెట్టిన మేడం. నాలుగోది గూడ పోతే వచ్చి తీసుకపొమ్మనండి. ఈసారన్నా నెల రోజులు తొట్టెల చేపను ఎయ్యొద్దని చెప్పండి" అన్నాడు.

"నాలుగోదేంటి?" అంది రిబ్కా.

లైను బాగాలేదంటూ రామ్‌సింగ్ ఫోన్ పెట్టేశాడు.

రిబ్కాది బందరు. పెళ్లయి భద్రాచలం వచ్చి పద్దెనిమిదేళ్లు. గోదారి ఎంత నిండుగా పారినా ఆమెకు ఉప్పుగాలి బెంగ తీరలేదు. అది కనిపెట్టి, ఖమ్మం బస్సు కండక్టరైన భర్త సుకుమార్ ఆమెను సముద్రపు చేపలమ్మే రామ్‌సింగ్ దుకాణానికి తీసుకెళ్లాడు. ఆమె చిన్న తొట్టె చాలంది. కొత్తవాళ్లకు పెద్దదే మేలు, కొంచెం నీళ్లయితే జల్దీ చెడిపోతాయని రామ్‌సింగ్ నచ్చజెప్పాడు. కూర ఉప్పు పనికిరాదని సముద్రపు ఉప్పు పొడి పొట్లాలు ఇచ్చాడు. ఆమె చేపల ముందు నిలబడిపోతే మిగతా జాగ్రత్తలు సుకుమార్ విన్నాడు. నీళ్లు కలిపిన ఆరో రోజుకే చేప ఇంటికొచ్చింది.

రెండు నెలలు నిండాక, పోయిన ఆదివారం, రిబ్కా చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. సముద్రం లేని ఊళ్లో ఆ చేపను బతికించిన దేవుడే తననూ ఇక్కడ బతికించాడని చెప్పి ఏడ్చింది. ఆడవాళ్లంతా కొంగులతో కళ్లొత్తుకున్నారు.

సుకుమార్ ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"ఇది ఎన్నో చేప?" అని అడిగింది.

అతను తొట్టె వైపు చూశాడే గాని ఆమె వైపు చూడలేదు. ఫోనెవరిదని అడిగాడు. రామ్‌సింగ్ అని వినగానే కుర్చీలో కూలబడ్డాడు.

"కొత్త నీళ్లు చేపకు సరిపడేదాకా నెల ఆగాలని రామ్‌సింగ్ చెప్పిండు రిబ్కా. నువ్వు పొద్దుకు పదిసార్లు ఖాళీ తొట్టె కాడ నిలబడుతుంటే చూడలేకపోయిన. మొదటిది వారానికే పోయింది. నువ్వు లేవకముందే తీసేసిన. మల్ల రెండు గూడ గట్లనే."

చచ్చినవాటిని చాటుగా పారేసి, కొత్తదాన్ని నీళ్ల కవరులో, టికెట్ల సంచి పక్కన పెట్టుకుని తెచ్చేవాడట.

"నేను సాక్ష్యం చెప్తుంటే మగవాళ్ల వైపు కూర్చుని విన్నారు కదండీ. దేవుడి ముందు నాచేత అబద్ధం చెప్పించారు."

"నువ్వు ఏడుస్తవని..."

"అచ్చం అలాంటిదే ఇంకోటి తెస్తే నాకు తెలియదనుకున్నారు. తెలియలేదు కూడా. రేపు నేను పోయినా ఇంతేనా? నా చోట ఇంకొకర్ని కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరూ పోలేదంటారా?"

ఇడ్లీపాత్ర మాడిన వాసన వస్తున్నా ఇద్దరూ కదల్లేదు.

శనివారం దాకా ఆ ఇంట్లో అవసరానికి మించి మాట లేదు. ఆదివారం సాక్ష్యాల వేళ పాస్టరుగారు పిలవగానే రిబ్కా కొంగు తలమీదికి లాక్కుంది, తన మాట తానే వెనక్కి తీసుకుందామని. అంతలో మగవాళ్ల వైపు నుంచి సుకుమార్ లేచాడు. పెళ్లినాడు తప్ప అతను ఆ చర్చిలో నోరు విప్పింది లేదు.

"మా ఆమె చెప్పిన చేప నాలుగోది. ముందు మూడు చచ్చినయి. నేను దాచిన. అబద్ధం నాది, ఆమెది కాదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సుకుమార్ చెవులు ఎర్రబడ్డాయి, అయినా కూర్చోలేదు. బస్సునిండా జనాన్ని ఒక్క కేకతో సర్దే మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

రిబ్కాకు కళ్లు నిండాయి. తొట్టె ఖాళీగా ఉన్న ఆ ఆరు రోజులూ చేప ఎప్పుడొస్తుందని అతన్ని నిలవనీయనిది తనే. ఆమె లేచి నిలబడింది.

"ఆయన చెప్పింది నిజం. ఆగలేకపోయింది మాత్రం మేమిద్దరం."