వాసన పట్టే కుంపటి

దొంబ్రు తెచ్చిన మద్దికట్టె కుంపటిలో పెట్టగానే భగ్గున అంటుకుంది. చుట్టూ నిలబడ్డ జనం ముందుకు వంగి చూశారు. మంట నిలదొక్కుకునేలోపే కుంపటి ఇనుప డబ్బా లోపల టక్కుమని చప్పుడైంది. గాలి వచ్చే దారి మూసుకుపోయింది. మంట చచ్చిపోయింది.

"ఏటయింది దీనికి?" అన్నాడు దొంబ్రు.

"ఏమీ కాలేదు. అది వాసన పట్టింది," అంది డాక్టర్ వనజ. "లోపల ఒక సెన్సర్ ఉంది. పొగలో అడవికట్టె జాడ ఉంటే కుంపటిని ఆర్పేస్తుంది. ఇప్పుడు చూడండి."

ఆమె గుప్పెడు ఆకుపచ్చ గుళికలు పోసి వెలిగించింది. నీలంగా, పొగ లేకుండా మంట లేచింది. కాసేపటికే దగ్గర నిలబడ్డవాళ్లు వెనక్కి జరగాల్సి వచ్చింది.

ఎవరూ మెచ్చుకోలేదు. "మా అడివిలో కట్టె మా పొయ్యిలో కాలకూడదంటావు. అంతేనా?" అన్నాడు దొంబ్రు.

"అంతే," అంది వనజ.

వానల తీరు మారిపోయాక గాలిగెడ్డ కొండ మీద చలి మనిషిని పట్టి పీడించేది. తెల్లారేసరికి గెడ్డలో పారే నీళ్లు గాజుపలకలయ్యేవి. వెచ్చదనం కోసం జనం అడవి మీద పడ్డారు. సగం కొండ బోడి అయిపోయింది. మిగిలిన సగాన్ని కాపాడమని ప్రభుత్వం పంపిన మనిషి వనజ. ఆమె ప్రయోగశాలలో పుట్టించిన గడ్డిని జనం వేడిగడ్డి అన్నారు. తొలకరికి నాటితే వానలు వెనకబట్టేసరికి మనిషెత్తు పెరిగేది. కోసి, ఎండబెట్టి, మెషిన్‌లో ఒత్తితే గుళికలు. పెరిగేటప్పుడు గాలిలోంచి ఎంత కార్బన్ పీల్చుకుంటుందో, కాలేటప్పుడు అంతే తిరిగి వదులుతుంది. గాలికి కొత్త బరువు లేదు, చెట్టుకు గొడ్డలి లేదు.

దొంబ్రుది పైఊరు. ముత్తేలమ్మది కిందిఊరు, ఆమే అక్కడ పెద్ద. రెండు ఊళ్లవాళ్లకీ వనజ అంటే గిట్టలేదు. అయినా చలి ముందు రోషం ఎన్నాళ్లు నిలుస్తుంది? కుంపటి కావాలంటే పాత పొయ్యి పడగొట్టాలి, కుంపటి గొట్టాన్ని కప్పు పైకి తీసి, పొగ పోయే చూరుసందులు మూసి, గోడలకు వేడి నిలిపే పలకలు బిగించుకోవాలి. అదీ షరతు. ఎవరి నేలలో పండిన గడ్డి వాళ్ల కుంపటికేనని కూడా మీటింగు పెట్టి చెప్పింది వనజ. తిట్టుకుంటూనే బిగించుకున్నారు. మొదటి చలికాలం పిల్లలు చొక్కా లేకుండా ఇంట్లో ఆడుకున్నారు. బోడికొండ మీద మోళ్లు చిగుర్లు వేశాయి. ఆ చిగుర్లు చూడ్డానికే వనజ రోజూ కొండెక్కేది. ఎదురుపడ్డవాళ్లు పలకరించకపోయినా ఆమెకు పట్టేది కాదు.

రెండో ఏడు పైఊళ్లో మంచు ముందే పడింది. కోతకు రాని గడ్డి నల్లబడి, కుళ్లి, నేలకు అంటుకుపోయింది. కిందిఊరు పల్లంలో ఉంది కాబట్టి అక్కడ గడ్డి నిలిచింది. వాళ్ల గోదాము గుళికలతో నిండింది. కొండచరియలు విరిగిపడి ఘాట్ రోడ్డు తెగిపోయింది, బయటినుంచి ఏదీ వచ్చే దారి లేదు.

పైఊరి కుంపట్లు చల్లారాయి. జనం అడవికట్టె తెచ్చి పెట్టి చూశారు. టక్కుమంది, ఆరిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ ఆరింది. చివరికి దొంబ్రు తల్లి వాకిట్లో కట్టె కాల్చి, ఆ నిప్పులు ఇనుపబాండీలో పోసుకుని మంచం పక్కన పెట్టుకుంది. సందు లేని ఇల్లు. కంటికి కనబడని విషవాయువు గదంతా నిండింది. పొద్దున్న దొంబ్రు తలుపు తీసేసరికి ముసలామె వెచ్చగానే ఉంది, ప్రాణం మాత్రం లేదు.

వనజ చూడ్డానికి వెళ్లింది. గుమ్మంలోనే దొంబ్రు అడ్డం నిలబడ్డాడు.

"చలి మా అమ్మని సంపలేదు. ఎన్ని చలికాలాలు సూసిందో ఆవిడ. ఇంటికి నువ్వు మూతెట్టావు, పొయ్యికి నువ్వు తాళమేశావు. నడు ఇక్కణ్నించి."

"గుళికలు తెప్పిస్తాను దొంబ్రూ."

"ఎక్కణ్నించి? నీ కొంగులోంచా?"

ఆమె తిన్నగా కిందిఊరికి దిగింది. ముత్తేలమ్మ గోదాము ముందే కూర్చుని ఉంది. చుట్టూ కర్రలు పట్టుకుని కాపలా మనుషులు.

"పైఊళ్లో ఒక ప్రాణం పోయింది ముత్తేలమ్మా. సగమైనా ఇవ్వండి."

"వచ్చే ఏడు మంచు మా మీద ముందు పడదని రాసిస్తావేటి?"

"వాళ్లు మీవాళ్లే కదమ్మా!"

ముత్తేలమ్మ నవ్వింది. ఆ నవ్వులో జాలి లేదు. "ఎవరి నేలలో పండింది వాళ్ల కుంపటికే అని మీటింగెట్టి సెప్పింది నువ్వు కాదేటి? నీ మాటే నేర్చుకున్నాం. ఇప్పుడు మాట మార్చకు."

కాపలావాడు కర్ర నేలకు తాటించాడు. వనజ వెనక్కి తిరిగింది.

దారి పొడుగునా ఆమె కళ్లు చిగురించిన మోళ్ల మీదే ఉన్నాయి. సెన్సర్ పీకేస్తే అవి బతకవు. పీకకపోతే పైఊళ్లో ఇంకెన్ని బాండీలు రాజుకుంటాయో. క్వార్టర్స్‌కి వెళ్లి పటకారు తీసుకుని పైఊరెక్కింది. ఎవరినీ అడగకుండా మొదటి ఇంట్లోకి దూరి, కుంపటి వెనక మూత తెరిచి, సెన్సర్ వైర్లు పట్టి లాగేసింది. తర్వాతి ఇల్లు, ఆ తర్వాతిది. చేతివేళ్లు చీరుకుపోయాయి. ఎవరూ అడ్డుకోలేదు, ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు. దొంబ్రు ఇంట్లో పని ముగించి లేస్తుంటే అతను అటు తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రానికి పైఊరి గొట్టాలన్నిటిలోంచి కట్టెపొగ లేచింది.

కిందిఊరికి అది కనబడింది. నాటడం, కలుపు తీయడం, కోయడం, ఒత్తడం... ఇంత చాకిరీ మేం చేస్తుంటే పైవాళ్లు ఊరికే అడవికట్టె కాల్చుకుంటారా? వారం తిరక్కుండా కిందిఊరివాళ్లు తమ సెన్సర్లూ పీకేస్తామంటూ వనజ తలుపు బాదారు. పటకారు ఇవ్వనంది. రాళ్లు పడి కిటికీ అద్దం పగిలింది. ఆమె పటకారు తీసి ఇచ్చేదాకా వాళ్లు కదల్లేదు.

కుంపటి మాత్రం గట్టి యంత్రం. గాలిని సమంగా ఊది, పచ్చికట్టెను సైతం మండించేది. పాతపొయ్యిలో అంటుకోని దుంగలు ఇందులో ఇట్టే అంటుకున్నాయి. కట్టె ఆదా అవుతుందని వనజ ఆశపడింది. కానీ పగలూ రాత్రీ వెచ్చగా ఉండటం మరిగిన జనం కుంపటిని ఆరనివ్వలేదు. మోళ్ల మీది చిగుర్లు ముందు పోయాయి. తర్వాత మోళ్లే పోయాయి. తరువాతి తొలకరికి వేడిగడ్డి నాటిన మనిషి లేడు. ఆ పై చలికాలం ముగిసేసరికి మిగిలిన సగం కొండ కూడా బోడి అయింది.

ప్రాజెక్టు మూసేస్తున్నామని కబురొచ్చిన రోజు ముత్తేలమ్మ క్వార్టర్స్‌కి వచ్చింది. నెత్తిమీద కట్టెలమోపు. గుమ్మంలో దించి చెమట తుడుచుకుంది.

"ఎల్లిపోతున్నావంట కదమ్మా. ఊరంతా నిన్ను తలుసుకుంటన్నారు. పచ్చికట్టె మండే పొయ్యి మా తాతల నాడు కూడా లేదు. గొప్ప సాయం సేసి ఎళ్తన్నావు. ఇయి నీకే తెచ్చాను, ఆఖరి చెట్లవి. మంచి గట్టికట్టె."

ఈ కొండెక్కాక వనజకు దక్కిన మొదటి మంచిమాట అది.

ముత్తేలమ్మ వెళ్లిపోయింది. అద్దం లేని కిటికీలోంచి మంచుగాలి కొడుతోంది. గుళికలు ఎవరి దగ్గరా లేవు. వనజ వంగి, మోపును రెండు చేతులతో ఎత్తుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.