నచ్చని తావులు

"ఈ తావు బాగలేదు సార్," అంది లక్ష్మీనరసమ్మ.

జయరాముడికి ఒళ్లు మండింది.

ఫారెస్టరుగా అతను కంబదూరు వచ్చి రెండు నెలలైంది. పట్నంవాళ్లు ఆదివారాలు పిక్నిక్‌కు రావడానికి కొండల్లో మంచి చోటొకటి వెతకమన్నాడు రేంజరు. దారి చూపడానికి వాచర్ ఈరప్ప వచ్చేవాడు. సద్దిమూట పట్టుకుని ఆయన కూతురు లక్ష్మీనరసమ్మ కూడా వచ్చేది.

"ఈడేం తక్కువైంది? ఈ గుండుబండ మీద నిలబడితే ఊర్లన్నీ కనిపిస్తాండాయి."

"పిల్లోళ్లు జారి పడరా?"

బండల నడుమ నీళ్లు నిలిచిన దొణ చూపిస్తే, కోతులు సద్ది ఎత్తుకుపోతాయంది. సీతాఫలం చెట్లు చూపిస్తే, ఎండాకాలం ఒక్క ఆకూ ఉండదంది. నెమళ్ల లోయ చూపిస్తే, "మనుషులొస్తే అవి యాడికి పోవల్ల?" అని ఎదురడిగింది.

"ఈపొద్దు ఏదో ఒకటి తేల్చల్ల," అన్నాడు విసుగ్గా. "లేకుంటే నన్ను మడకశిరకు మారుస్తారంట."

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ముందే చెప్పకూడదా సార్? దొణ కాడ బాగుండాదని అప్పుడే చెప్పింటిని."

"మరి కోతులు?"

"ఈ కొండలో కోతులు యాడున్నాయి?"

జయరాముడు నోరు తెరిచాడు. "మరెందుకు అట్ల చెప్పినావు?"

ఆమె పైట చెంగు వేలికి చుట్టుకుంటూ లోయకేసి చూసింది. "తావు నచ్చితే మీ పని అయిపోతాది. మళ్లా ఈడికి ఎందుకొస్తారు?"

అతనికి రావలసిన కోపం ఎందుకో రాలేదు. అప్పుడే ఒక చినుకు అతని ముక్కు మీద పడింది. ఎండిన బోద గడ్డి ఒక్కసారిగా వాసనేసింది. ఇద్దరూ పరుగెత్తి, ఈరప్ప కూర్చున్న బండ చాటున దూరారు.

వాన ఊపందుకుంది. జయరాముడు గొంతు సవరించుకున్నాడు.

"మామా..."

ఈరప్ప బీడీ నోట్లోంచి తీశాడు. "నిన్నటిదాంకా అన్నా అంటాంటివి. ఈపొద్దు మామనైతినా?"

"నీ కూతురు ఒప్పుకుంటే."

ఈరప్ప కూతురివైపు చూశాడు. "ఏమ్మే, ఈ తావన్నా నచ్చిందా?"

లక్ష్మీనరసమ్మ వానలోకి చెయ్యి చాచింది. తడిసిన అరచేతిని చూసుకుంటూ, తల మాత్రం ఊపింది.

ఈరప్ప కళ్లు తుడుచుకుని, బీడీ పొగ మీదికి నెపం తోశాడు.

"మీ అమ్మను పిల్చుకొని రాప్పా," అన్నాడు చివరికి. "ఆయమ్మను మాత్రం కొండలెక్కించొద్దు. సక్కగా మా ఇంటికే పిల్చుకొని రా."