జల్లెడ తీసేసిన టకటక

"మా నాన్నని ఏం చేశారండీ?"

ఆఫీసులోకి వస్తూనే ఆ కుర్రాడు అడిగిన మొదటి మాట ఇది. కంప్యూటర్ ముందున్న అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి చూసింది. అతని జుట్టు వానకి తడిసింది, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో దూరింది. మనిషి మాత్రం బాగానే ఉన్నాడు.

"ఏ నాన్నగారు?"

"నా పాటలో ఉండాల్సిన నాన్న."

ఆ ఆఫీసు సంగతి రెండు ముక్కలు చెప్పాలి. వెనక ఏ పెద్ద కంపెనీ లేకుండా సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లకి అది పుట్టిల్లు. పాట తెస్తే శుభ్రం చేసి, ముఖచిత్రం గీయించి, యాప్‌లన్నిటికీ పంపుతారు. శుభ్రం చేసే పని ఈ అమ్మాయిది. అందరూ జల్లెడ అంటారు. పక్క వీధిలో చీమ తుమ్మినా రికార్డింగు ఆపించేదట. నేను నమ్మను. చీమ అయ్యుండదు, దోమ అయ్యుంటుంది.

"మీ పాట వెనకాల ఒకటే టకటక. తీసేశాను," అంది జల్లెడ. "మామూలుగా అయితే థాంక్స్ చెబుతారు."

"ఆ టకటకే మా నాన్న. ఆయన కుట్టుమెషిన్ తొక్కుతుంటే పక్కన కూర్చుని పాడాను. నా తాళం అదే."

జల్లెడ గొంతు తగ్గింది. "సరే, అసలు ఫైలు మళ్లీ పంపండి."

"ఫోన్లో చోటు లేక తీసేశాను. మీ దగ్గరుంది కదా అని."

జల్లెడ కంప్యూటర్లో వెతికింది. వెతికినకొద్దీ చెవులు ఎర్రబడ్డాయి. శుభ్రం చేసిన పాటని అసలు ఫైలు మీదే సేవ్ చేసేసింది. అలా చేయకూడదని కొత్తవాళ్లకి మొదటి రోజే నేర్పుతారు. నేర్పేది కూడా తనే.

"పోయిందండీ. దాని మీదే సేవ్ చేసేశాను. ఇలా ఎప్పుడూ చేయలేదు," అంది.

"మళ్లీ పాడటానికేం, పాడతాను. కానీ ఎల్లుండి ఆ మెషిన్ పట్టుకుపోతారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. మోటారుది కొన్నాం. అది తుమ్మెదలా జుయ్యిమంటుంది, దానికి తాళం ఎక్కడిది?"

అతని గొంతులో కోపం లేదు. ఉంటే జల్లెడకి తేలికగా ఉండేది. మైకులు సంచీలో సర్దుకుని లేచింది.

"పదండి. పోగొట్టింది నేను కదా."

టైలరు కొట్టు ఇరుకుది, పైన రేకు. మైకు చూడగానే ఆయన గ్రూప్ ఫోటోకి నిలబడ్డవాడిలా బిగుసుకుపోయాడు. ఒక పాత గుడ్డపేలిక పెట్టి తొక్కాడు. టక. టకటక. ఆగి, మళ్లీ టక.

"నాన్నా, రోజూలా తొక్కు."

"రోజూలాగే తొక్కుతున్నానురా. ఇవాళ నీ పాటే కుంటుతోంది."

ఎంతసేపు తొక్కినా అంతే. జల్లెడ ఆ పేలిక వంక చూసింది. ఎవరికీ అక్కర్లేని గుడ్డ మీద ఎవరికి మాత్రం ధ్యాస నిలుస్తుంది? తన కోటు విప్పి, జేబు పట్టుకుని పర్రున లాగింది. కుర్రాడు నోరు తెరిచాడు.

"బాబాయ్ గారూ, ఇది కాస్త కుట్టి పెడతారా? రేపు వేసుకోవాలి."

"బాబాయ్ అనకండి," అన్నాడు కుర్రాడు మెల్లగా. "ఆ వరస కుదరదు."

"మరేమనాలి?"

"అంకుల్ అనండి. ప్రస్తుతానికి."

టైలరుకి ఇవేవీ పట్టలేదు. కోటు తిరగేసి చూస్తున్నాడు. "ఎవడమ్మా దీన్ని కుట్టింది? సూదితో కుట్టాడా, గోళ్లతో గీకాడా?" ఒక్క జేబుతో సరిపెట్టకుండా కుట్లన్నీ మళ్లీ వేయడం మొదలెట్టాడు. మైకు ఊసే మరిచాడు. పాదం నిలకడగా పడింది. కుర్రాడు పాట అందుకున్నాడు.

సగంలో వాన వచ్చి రేకు మీద దరువేసింది. వేరే రోజైతే జల్లెడ దాన్ని కూడా ఆగమనేది. ఈసారి ఊరుకుంది.

పాట అయింది. మెషిన్ ఇంకా నడుస్తోంది.

"ఎప్పుడూ చేయని తప్పు నా పాటకే ఎందుకు చేశారు?" అన్నాడు కుర్రాడు.

జల్లెడ చుట్టిన వైరునే మళ్లీ చుట్టింది. "పని ఎప్పుడో అయిపోయింది. అయినా వింటూ కూర్చున్నాను. మూసేటప్పుడు చెయ్యి ఏం నొక్కిందో చూసుకోలేదు."

"అంత బాగుందా పాట?"

"పాట ఫరవాలేదు. గొంతే..." అని ఆగిపోయింది.

టైలరు పంటితో దారం తెంపాడు. "మీ ఇద్దరి పెళ్లి బట్టలు ఎల్లుండిలోగా అయితే దీని మీదే కుట్టేస్తాను. కొలతలు ఇప్పుడు తీయనా, మీ అమ్మానాన్నలతో మాట్లాడాక తీయనా అమ్మా?"

జల్లెడ తలెత్తలేదు. "మాట్లాడాకే తీయండి. మెషిన్‌ని మాత్రం కొన్నాళ్లు పంపకండి."

అప్పుడు చూసుకుంది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

పాట బయటికొచ్చింది. జల్లెడ తను అన్న మాటలు మాత్రం దారప్పోగు మిగలకుండా తీసేసింది. వాన ఉంది, టకటక ఉంది, చివర్లో పెళ్లి బట్టల ప్రశ్న కూడా ఉంది.

"ఈ ముసలాయన గొంతేంటి, తీసేయలేదేం?" అని ఆఫీసు పెద్దావిడ అడిగింది.

జల్లెడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ చెప్పింది.

"ఆయన మా మామగారండీ."