నాలుగు గరిటెల మందు

కుంతలగిరి రాజ్యంలో ఆ ఏడు వానలు బాగానే కురిశాయి, పైరు మాత్రం నిలవలేదు. కొండమీది ఘటోదరుడనే రాక్షసుడికి జ్వరం వచ్చింది. వాడు నిట్టూర్చినప్పుడల్లా ఆ వేడికి పొలాలు మాడిపోతున్నాయి. వాడు చస్తే రాజ్యమంతా బూడిదవుతుందని ఒక ముని చెప్పి, నీలిమూలిక కషాయం ఇచ్చాడు. పెద్ద వైద్యులంతా తలో సాకు చెప్పి తప్పుకున్నారు. చివరికి వైద్యశాలలో చదువుకుంటున్న ఇద్దరమ్మాయిలను పంపారు. నయం చేసినవారికి వైద్యశాల పీఠం ఇస్తానని రాజు చాటించాడు.

ఆ పీఠం మీద కుమ్మరి పిల్ల వకుళకు చెప్పలేనంత ఆశ. తోడు వెళ్లిన చారుమతి రాజవైద్యుడి మనుమరాలు.

వాగు దగ్గర రెండు తలల సింహం అడ్డుపడింది. "నాడి చూసి నాకేం జబ్బో చెబితేనే దారి!" అంది. వకుళకు నాడి చూడడం సరిగా రాదు. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. చారుమతి కనిపెట్టి, ఆమె వేళ్లను సరైన చోట ఆనించింది. వకుళ జబ్బు చెప్పగానే సింహం దారి వదిలింది. ముళ్లడవిలో రెక్క విరిగిన గండభేరుండానికి కట్టు కట్టబోతే చారుమతి వేసిన ముడి రెండుసార్లూ జారిపోయింది. అప్పుడు వకుళ అందుకుంది.

కొండమీద ఇద్దరూ వంతులవారీగా రాక్షసుడికి సేవ చేశారు. మందు పూటకు రెండే గరిటెలు. నాలుగోనాటి ఉదయం వకుళ మందు పోస్తుంటే ఘటోదరుడు, "చేదే పిల్లా, చంపేస్తున్నావే!" అని ఒకటే గోల. వాడిని బుజ్జగించడంలో లెక్క తప్పింది. కుండలోకి చూసుకున్నాక తెలిసింది. నాలుగు గరిటెలు పోసేసింది. రాక్షసుడి నాలుక నల్లబడి, కళ్లు మూతపడ్డాయి.

అంతలో చారుమతి గరిటె పట్టుకుని వచ్చింది.

"ఇవాళ మందు పోశావా, నన్ను పొయ్యమంటావా?"

పోయలేదంటే చాలు. చారుమతి పోస్తుంది, వాడు చస్తే నేరం ఆమెదే అవుతుంది. ఆ మాట వకుళ నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"పోశాను. రెండు కాదు, నాలుగు," అంది ఏడుస్తూ.

చారుమతి తిట్టలేదు. "ఏడుపు తర్వాత. నువ్వు విరుగుడుకు మజ్జిగ పట్టు, నేను నాడి చూస్తాను," అంది.

సాయంత్రానికి ఘటోదరుడు చెమటలు పట్టి లేచి కూర్చున్నాడు. జ్వరం దిగిపోయింది. "అంతా విన్నానే! తప్పు చేశానని నోరు విప్పి చెప్పిన వైద్యులను ఇన్నాళ్లకు చూశాను," అన్నాడు.

కొండ కింద చల్లగాలి వీచింది. సభలో రాజు, "నయం చేసింది ఎవరు?" అని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు. రాజు విసుక్కుని పీఠం కొంచెం వెడల్పు చేయించాడు.

మరునాడు కొత్త శిష్యులు బెదురుతూ వచ్చి కూర్చున్నారు. వకుళ గొంతు సవరించుకుంది.

"మొదటి పాఠం. నేను రాక్షసుణ్ణి చంపబోయిన సంగతి చెబుతాను, వినండి."