వెనక అట్ట మీద పేరు

ఆదివారం పొద్దున్నే జానకిరామ్ భోజనాల బల్లను పూర్తిగా ఆక్రమించేశాడు. జంషెడ్‌పూర్ సోనారిలోని ఆ క్వార్టర్‌లో అందరూ ఉప్మా పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తినాల్సి వచ్చింది. అయినా ఎవరూ సణగలేదు. ఆయన భార్య వసంతలక్ష్మి పాడిన ఎనిమిది జోలపాటల్ని తెలుగు సంఘం వాళ్ళు గ్రామఫోను రికార్డుగా తెస్తున్నారు మరి. ఆయన కార్ఖానా డ్రాయింగ్ ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కాబట్టి ఆ రికార్డు వెనక అట్ట తయారుచేసే పని ఆయన మీదే పడింది. మధ్యాహ్నం సంఘం అధ్యక్షుడు నీలకంఠం వచ్చి పట్టుకెళ్ళి, టాటానగర్ స్టేషన్‌లో కలకత్తా బండికి పంపుతాడు.

"ఏక్‌దమ్ గేర్‌బాక్స్ డ్రాయింగ్‌లా ఉంది నాన్నా," అంది కాలేజీ చదువుతున్న కూతురు లీల.

"అందుకే తిన్నగా ఉంది," అన్నాడాయన తృప్తిగా.

లీల దాన్ని నాయనమ్మకి చదివి వినిపించింది. "పాడినది వసంతలక్ష్మి. రచన: సంప్రదాయం."

"అంటే ఏటే?" అంది సింహాచలమ్మ, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

"ఎవరు కట్టేరో కిసీకో మాలూమ్ నహీఁ అని, మామ్మా."

"తెలకపోడానికేటుంది? నానే కట్టినాను కదా."

జానకిరామ్ చేతిలో కలం ఆగిపోయింది. అవి ఊళ్ళో పాత పాటలనే ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారు.

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటత్తా?" అంది వసంతలక్ష్మి.

"ఎవులడిగేరు?" అంది ముసలావిడ, కోపమేమీ లేకుండానే.

"అయితే మామ్మ పేరు రాసెయ్ నాన్నా."

"కుదరదు. కమిటీ ముగ్గురూ చిత్తుప్రతి చూసి సంతకాలు పెట్టేరు. సంతకం పడ్డ డ్రాయింగ్ మార్చకూడదు."

సంతకాలు ఒక సాకని వసంతలక్ష్మికి తెలుసు. నాలుగో పాటలో ఇటుకల గంప ఉంది. పాట ఎవరిదో తెలియనంతసేపూ ఆ గంప ఎవరిదైనా కావచ్చు. ఆయన తల్లి పేరు పడితే మాత్రం ఆ గంప ఆవిడదేనని జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళందరికీ తెలిసిపోతుంది. తమది భూములున్న కుటుంబమనీ, తల్లి గడప దాటి ఎరగదనీ ఆయన ఆఫీసులో ఎప్పుడో చెప్పుకున్నాడు. ప్రమోషన్లతోపాటు ఆ అబద్ధమూ పెద్దదైంది.

"అత్త పేరు లేకపోతే నా పేరూ తీసేయండి," అంది వసంతలక్ష్మి.

"నీ పేరు అచ్చులో చూడాలనే కదా ఇంత తాపత్రయపడ్డాను."

"లీల ఉయ్యాల దగ్గర ఆవిడ పాడుతుంటే నేర్చుకున్నాను. నేనే తెచ్చినట్టు ఆ అట్ట మీద ఎలా ఉండమంటారు?"

ఆయన గొంతు పెంచాడు. "పదిమందిలో నా పరువేటవుతాది?"

అనేశాక గానీ, తల్లి వింటోందని గుర్తు రాలేదు.

"ఒగ్గేయండర్రా," అంది సింహాచలమ్మ. "పేరుతో నాకేటి పని? కోడలి గొంతులో నా పాటలు బతుకుతన్నాయి. అది సాల్దా?"

ఆవిడ తిట్టినా బాగుండేది. జానకిరామ్ లేచి వెళ్ళి తల్లి పక్కన నేలమీద కూర్చున్నాడు. తనూ ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలుస్తూ అడిగాడు. "ఆ నాలుగోది ఎప్పుడు కట్టేవమ్మా?"

"నీకు తొమ్మిదో నెల. కార్ఖానాలో కొత్త సెడ్లు కడతన్నారు. వెదుళ్ళకి సీర కట్టి నిన్ను అందులో ఏసేదాన్ని. నువ్వేడిత్తే గంప దింపి రానిచ్చేవోడు కాదు మేస్త్రీ. నాను దగ్గర్లోనే ఉన్నానని నీకు తెలవాల గదా, ఇటికిలు మోత్తా పాడేదాన్ని. నా గొంతు ఇనపడితే ఊరుకునేవోడివి."

జానకిరామ్ తల్లి మోకాలి మీద తల ఆన్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తాను పడుకున్న ఉయ్యాలనే ఇన్నేళ్ళూ దాచిపెట్టినందుకు సిగ్గుతో కుమిలిపోయాడు. ఆవిడ చిక్కుడు చేత్తోనే వీపు నిమిరింది. కాసేపటికి ఆయన లేచి, బ్లేడుతో 'సంప్రదాయం' అన్న ఆ ఒక్క మాట సిరానీ కాగితం చిరక్కుండా గీకేసి, ఊపిరి బిగబట్టి కొత్త అక్షరాలు దిద్దాడు.

మధ్యాహ్నం నీలకంఠం కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "రచన సింహాచలమ్మ... ఎవరండీ ఈవిడ? మేం సంతకం పెట్టినప్పుడు ఈ పేరు లేదే."

"మా అమ్మ. కార్ఖానా షెడ్లకి ఇటుకలు మోసింది. నేను ఆ ఇటుకల పక్కనే పెరిగాను. ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పాను."

నీలకంఠం ముసలావిడవైపు తిరిగాడు. అట్ట కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇంకా ఉన్నాయా పాటలు?"

"ఎందుకుండవు బాబూ? ఈడొక్కడే అనుకున్నావేటి? నలుగుర్ని పెంచినాను."